డయాలసిస్ రోగి ఒంటి మీద నొప్పితో కమిలిన మచ్చలు: కాల్సిఫైలాక్సిస్‌ను ఎలా గుర్తించాలి, చికిత్స ఎలా చేయించుకోవాలి

కిడ్నీ రోగుల ఇళ్ల నుంచి ఒకే రకం ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. "తొడ మీద కమిలినట్టు మచ్చ వచ్చింది, ముట్టుకోనివ్వడం లేదు, ఏమై ఉంటుంది?" "యాంటిబయాటిక్ రెండు కోర్సులు అయ్యాయి, పుండు పెద్దదవుతూనే ఉంది." "థయోసల్ఫేట్ అనే ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు, ఇప్పించుకోవచ్చా?" వీటన్నిటికీ వరుసగా సమాధానం చెప్పడానికే ఇది రాస్తున్నాను. రోగికి, ఇంట్లో చూసుకునేవాళ్లకు, డయాలసిస్ యూనిట్‌లో పనిచేసే సిస్టర్లకు, టెక్నీషియన్లకు పనికొచ్చేలా రాశాను. మందుల మోతాదులు ఇచ్చింది డాక్టరుతో మాట్లాడేటప్పుడు విషయం అర్థం కావడానికి మాత్రమే. మీ అంతట మీరు మొదలుపెట్టడానికో ఆపడానికో కాదు.

జబ్బు సంగతి క్లుప్తంగా: చర్మానికి, దాని కింది కొవ్వుకు రక్తం తెచ్చే సన్నటి రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుంటుంది. నాళం ఇరుకై, లోపల రక్తం గడ్డకట్టి, ఆ మేర చర్మం రక్తం అందక చచ్చిపోతుంది. దీన్నే కాల్సిఫైలాక్సిస్ అంటారు. అరుదైనదే, కానీ చాలా ప్రమాదకరం. జబ్బు బయటపడ్డాక ఏడాదిలోపు దాదాపు సగం మంది, కొన్ని నివేదికల్లో అంతకన్నా ఎక్కువ మంది చనిపోయారు. ఎక్కువగా ప్రాణం తీసేది పుండులోంచి రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్. పుండు పడకముందే పట్టుకున్నవాళ్ల పరిస్థితి కొంత మెరుగు. అందుకే ఇక్కడ గుర్తించడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- రోగి వాడుతున్న మందులన్నీ. చీటీ ఒక్కటే చాలదు, మందుల డబ్బాలే తీసుకెళ్లండి. ఎముకల కోసం కొనుక్కున్న కాల్షియం బిళ్లలు, విటమిన్ డి సాచెట్లు కూడా అందులో ఉండాలి. చాలామంది వాటిని మందుల్లో లెక్కేయరు.
- ఆరు నెలల రక్తపరీక్షల రిపోర్టులు: కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ (మెడలోని చిన్న గ్రంథులు తయారుచేసేది, కాల్షియాన్ని అదుపు చేస్తుంది), అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్.
- డయాలసిస్ చార్టు: వారానికి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ద్రావణంలో కాల్షియం ఎంత.
- ఫొటోలు తీయడానికి ఫోను, మచ్చ పక్కన పెట్టడానికి చిన్న స్కేలు, అంచు గీయడానికి చర్మం మీద రాసే పెన్ను.
- ఒక నోటుపుస్తకం. రోజూ నొప్పికి సున్నా నుంచి పది వరకు ఎంతో ఒక అంకె రాయండి. నిద్ర పట్టిందో లేదో కూడా రాయండి.

1. ఒళ్లంతా చూడండి

డయాలసిస్‌కు వెళ్లినప్పుడు చెయ్యి, కాళ్ల వాపు చూస్తారు. పొట్ట మడతలు, తొడల లోపలి వైపు, పిరుదులు, రొమ్ముల కింద ఎవరూ చూడరు. ఈ జబ్బు ఇష్టపడేది కొవ్వు ఎక్కువగా ఉండే ఆ చోట్లనే. పిక్కల మీద, మోకాలి కింద కూడా రావచ్చు. మగవాళ్లలో పురుషాంగం మీద వచ్చినప్పుడు సిగ్గుపడి దాచుకుంటారు. అది ముదిరితే చాలా కష్టం, కాబట్టి మొహమాటం లేకుండా అడగండి.

రిస్కు ఎక్కువ ఉన్నవాళ్లను వారానికి ఒకసారైనా ఇలా చూడాలి. ఆడవాళ్లు, స్థూలకాయులు, షుగర్ ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, ఫాస్ఫరస్ ఎప్పుడూ ఎక్కువగా ఉండేవాళ్లు, అల్బుమిన్ తక్కువగా ఉన్నవాళ్లు, ఈమధ్య ఉన్నట్టుండి బరువు తగ్గినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఇన్సులిన్ ఎప్పుడూ ఒకే చోట పొడుచుకునేవాళ్లకు ఆ చోటే మొదలవ్వచ్చు. డయాలసిస్ మొదలవ్వనివాళ్లకు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు కూడా వస్తుంది. అసలు కిడ్నీ జబ్బే లేనివాళ్లలో కూడా అరుదుగా కనిపిస్తుంది.

2. ఈ నాలుగూ కలిసి ఉన్నాయా చూడండి

మొదటిది నొప్పి. కనిపించే మచ్చకూ పడే బాధకూ పొంతన ఉండదు. రూపాయి బిళ్లంత మచ్చకు రాత్రంతా నిద్ర ఉండదు. మంట, పొడుపు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం ఉంటాయి. కొందరిలో చర్మం మీద ఏమీ కనపడకముందే నొప్పి మొదలవుతుంది.

రెండోది గట్టిదనం. మచ్చ ఉన్న చోట, దాని చుట్టూ వేలితో మెల్లగా తాకితే చర్మం కింద పలకలాగో గడ్డలాగో గట్టిగా తగులుతుంది.

మూడోది రంగు, ఆకారం. ఊదా లేదా ముదురు ఎరుపులో, వల అల్లినట్టు గీతలు గీతలుగా ఉంటుంది. చర్మం చామనఛాయగా లేదా నల్లగా ఉన్నవాళ్లలో ఈ ఊదా రంగు తేలిగ్గా కనపడదు. చుట్టూ ఉన్న చర్మం కన్నా ముదురుగా, కమిలినట్టు మాత్రమే ఉంటుంది. వీళ్లలో కంటి కన్నా వేలిని, రోగి మాటను ఎక్కువ నమ్మాలి. మంచి వెలుతురులో చూడండి.

నాలుగోది మార్పు. రోజుల్లోనో కొద్ది వారాల్లోనో మధ్యలో నల్లబడి, తోలులాంటి పక్కు కట్టి, పుండుగా విచ్చుకుంటుంది. పెన్నుతో అంచు గీసి, తేదీ వేసి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. రెండు రోజులకోసారి అదే వెలుతురులో, అదే దూరం నుంచి మళ్లీ తీయండి. గీత దాటి పెరిగితే డాక్టరుకు చూపించడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

మొదటి రెండూ ఉంటే చాలు, మిగతావాటి కోసం ఎదురుచూడకండి.

3. ఎవరి దగ్గరికి, ఎంత త్వరగా

కిడ్నీ రోగికి నొప్పితో గట్టిపడిన మచ్చ వస్తే ఆ రోజో మరునాడో మీ నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) చూపించండి. తర్వాతి డయాలసిస్ మరునాడే ఉంటే అక్కడే చూపించవచ్చు. చర్మం డాక్టరు అవసరమే, కానీ చికిత్స అంతా నడిపించాల్సింది నెఫ్రాలజిస్టు. మందులు మార్చేది, డయాలసిస్ సరిచేసేది ఆయనే.

జ్వరం, చలి, బీపీ పడిపోవడం, మాట తడబడడం, పుండు నుంచి దుర్వాసన లేదా చీము, చుట్టూ ఎర్రగా పాకడం: వీటిలో ఏది కనపడినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. డయాలసిస్ రోగుల్లో ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నా కొన్నిసార్లు జ్వరం రాదు. మనిషి ఉన్నట్టుండి నీరసించినా అనుమానించాలి.

4. మందుల జాబితా ముందు పెట్టి అడగండి

ఈ అడుగు ఖర్చు లేనిది, చాలాసార్లు ఆలస్యమయ్యేది కూడా ఇదే. ఒక్కొక్కటి చూపించి "దీన్ని ఆపాలా, మార్చాలా?" అని అడగండి.

- వార్ఫరిన్, అసినోకౌమరాల్. రక్తనాళాల్లో కాల్షియం పేరుకోకుండా కాపాడే ఒక ప్రొటీన్ పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. ఈ మందులు దాన్నే అడ్డుకుంటాయి. గుండె లయ తప్పినందుకు వాడుతుంటే అపిక్సబాన్ లాంటి దానికి మార్చడం సాధారణంగా వీలవుతుంది. హెచ్చరిక: మీ అంతట మీరు వార్ఫరిన్ ఆపకండి. గుండెలో లోహపు వాల్వు ఉన్నవాళ్లకు దాన్ని ఆపితే వాల్వులో గడ్డకట్టి ప్రాణం పోవచ్చు. వాళ్ల విషయంలో కార్డియాలజిస్టు, నెఫ్రాలజిస్టు కలిసి నిర్ణయించాలి.
- కాల్షియం కార్బొనేట్, కాల్షియం అసిటేట్. ఫాస్ఫరస్ తగ్గించడానికి భోజనంతో వేసుకునేవి. వీటి బదులు సెవెలమర్ లాంటి కాల్షియం లేని మందు ఉంది.
- కాల్సిట్రయాల్ వంటి విటమిన్ డి మందులు, విటమిన్ డి సాచెట్లు.
- స్టెరాయిడ్లు, వేరే జబ్బుకు తప్పనిసరి కాకపోతే.
- ఇనుము ఇంజెక్షన్లు. వీటి విషయంలో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. అవసరం ఎంతో చూసి నిర్ణయిస్తారు.

ఇన్సులిన్, హెపారిన్ ఇంజెక్షన్లు మచ్చ ఉన్న చోట, దాని చుట్టుపక్కల పొడవకూడదు. చోటు మారుస్తూ ఉండాలి.

5. నిర్ధారణ ఎలా చేస్తారు

దీన్ని ఫలానా రక్తపరీక్షతో తేల్చేయడం కుదరదు. కాల్షియం, ఫాస్ఫరస్ మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండవచ్చు. పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉన్నవాళ్లలోనూ వస్తుంది, మరీ తక్కువగా ఉన్నవాళ్లలోనూ వస్తుంది. "రిపోర్టులు బాగానే ఉన్నాయి కదా" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఈ సంగతి చెప్పండి. అల్బుమిన్ తక్కువగా ఉన్నప్పుడు మామూలు కాల్షియం అంకె తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అప్పుడు ప్రొటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉన్న కాల్షియాన్ని కొలిచే అయొనైజ్డ్ కాల్షియం పరీక్ష చేయించడం మేలు.

డయాలసిస్ రోగిలో మచ్చ తీరు స్పష్టంగా ఉంటే అనుభవమున్న డాక్టరు చూసే నిర్ధారించవచ్చు. సందేహం ఉంటే పుండు మధ్యలోంచి కాకుండా మచ్చ అంచు నుంచి, కింది కొవ్వు వరకు వచ్చేలా చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. కాల్షియాన్ని చూపే ప్రత్యేక రంగు వేసి చూడమని ల్యాబ్‌కు రాయాలి. ముక్క మరీ పైపైన తీస్తే ఏమీ కనపడదు. అలా "ఏమీ లేదు" అని వచ్చినా జబ్బు లేదని కాదు.

బయాప్సీ చేసిన చోట గాయం మానకపోవచ్చు, కొత్త పుండు కావచ్చు. అందుకే పురుషాంగం మీద, వేళ్ల మీద, ఇన్ఫెక్షన్ ఉన్న చోట సాధారణంగా చేయరు. నా అభిప్రాయంలో, అనుమానం బలంగా ఉన్నప్పుడు బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా చికిత్స ఆపి కూర్చోవడం తప్పు. మందులు మార్చడం, నొప్పి తగ్గించడం, డయాలసిస్ సరిచేయడం అదే రోజు మొదలుపెట్టవచ్చు. ఎక్స్‌రేలో చర్మం కింద వలలాంటి కాల్షియం గీతలు, బోన్ స్కాన్‌లో ఆ చోట మెరుపు కనపడితే అనుమానానికి బలం చేకూరుతుంది. కానీ ఆ రెండూ వాటంతట అవి తేల్చేవి కావు.

దీనిలా కనిపించే వేరే జబ్బులను కూడా డాక్టరు చూసి పక్కన పెట్టాలి. సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరల ఇన్ఫెక్షన్), కాళ్ల పెద్ద రక్తనాళాలు మూసుకుపోవడం, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు), పడకపుండు, వార్ఫరిన్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే వచ్చే చర్మపు కుళ్లు ముఖ్యమైనవి. పిక్క మీద పుండు ఉంటే కాలి రక్తప్రసరణ పరీక్ష తప్పక చేయించండి.

6. నొప్పిని మొదటి రోజే పట్టించుకోండి

ఇది భరించదగ్గ నొప్పి కాదు. "కొంచెం ఓర్చుకో" అనే మాట ఇక్కడ పనికిరాదు. పారాసెటమాల్ ఒక్కటే సాధారణంగా చాలదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకం బిళ్లలు మిగిలిన కాస్త కిడ్నీ పనిని పాడుచేస్తాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. కొనుక్కుని వేసుకోకండి.

బలమైన మందు అవసరమైనప్పుడు మార్ఫిన్, కోడీన్ కిడ్నీ రోగులకు మంచివి కావు. వాటి వ్యర్థాలు ఒంట్లో పేరుకుని మగత, కండరాలు అదరడం, శ్వాస మందగించడం వస్తాయి. ఫెంటనిల్, మెథడోన్ లాంటివి అనుభవమున్న డాక్టరు చేతిలో మేలు. నరాల మంటకు గాబాపెంటిన్ ఇస్తే కిడ్నీ రోగికి తగ్గించిన మోతాదే ఇవ్వాలి. లేకపోతే మనిషి మత్తుగా పడుకుని లేవరు. పెయిన్ క్లినిక్ లేదా పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే చికిత్స) డాక్టరును మొదట్లోనే పిలిపించమని అడగండి. పాలియేటివ్ కేర్ అంటే ఆశ వదులుకున్నట్టు కాదు, మిగతా చికిత్స దానితో పాటే నడుస్తుంది.

ఈ మందులతో మలబద్ధకం ఖాయంగా వస్తుంది. ఫాస్ఫేట్ ఉన్న ఎనిమా, మెగ్నీషియం ఉన్న విరేచన మందు వాడకూడదు. లాక్టులోజ్ లాంటిది అడగండి.

7. సోడియం థయోసల్ఫేట్

అందరూ అడిగే మందు. హీమోడయాలసిస్ (మెషీన్‌తో రక్తం శుభ్రం చేసే పద్ధతి) రోగికి సాధారణంగా ప్రతి డయాలసిస్‌లో చివరి గంటలో 25 గ్రాములు సిర ద్వారా మెల్లగా ఇస్తారు, వారానికి మూడుసార్లు. 60 కిలోల కన్నా తక్కువ బరువున్నవాళ్లకు 12.5 గ్రాములతో మొదలుపెట్టడం పరిపాటి. పనిచేస్తుంటే నెలల తరబడి కొనసాగిస్తారు.

పనిచేస్తుందా? నిజం చెప్పాలంటే గట్టి రుజువు లేదు. చాలామందిలో నొప్పి తగ్గి, పుండ్లు మానినట్టు నివేదికలు ఉన్నాయి. అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణల్లో మాత్రం ప్రాణాలు నిలిపినట్టు స్పష్టంగా తేలలేదు. అయినా ఇంతకన్నా మంచి మందు చేతిలో లేదు కాబట్టి వాడుతున్నారు. ఎస్‌ఎన్‌ఎఫ్472 అనే కొత్త మందు మీద కాల్సిఫిక్స్ పేరుతో రోగుల మీద పరీక్ష జరిగింది. అందులో పుండు మానడంలో గానీ నొప్పిలో గానీ ఉత్తుత్తి మందు కన్నా మేలు కనపడలేదు.

ఇచ్చేటప్పుడు వాంతులు, వికారం సాధారణం. మరీ మెల్లగా ఎక్కిస్తే కొంత తగ్గుతాయి. బీపీ పడిపోవచ్చు. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, కాబట్టి బైకార్బొనేట్ పరీక్ష మధ్యమధ్యలో చేయించి, డయాలసిస్ ద్రావణాన్ని సరిచేయాలి. ఈ మందులో సోడియం ఎక్కువ, దాహం వేసి నీటి బరువు పెరగవచ్చు. ఈసీజీలో క్యూటీ అనే దూరం పెరిగే అవకాశం ఉంది, అది ఎక్కువైతే గుండె లయ తప్పవచ్చు. వాంతికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా అదే చేస్తుంది కాబట్టి ఈసీజీ తీయమని అడగండి. పొట్టలో డయాలసిస్ చేసుకునేవాళ్లకు ఈ మందును పొట్టలోని ద్రావణంలో కలపకూడదు, లోపల పొర దెబ్బతింటుంది. సిర ద్వారానే ఇవ్వాలి. మచ్చ చిన్నదిగా, ఒక్కచోటే ఉంటే ఆ మచ్చలోకే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

8. డయాలసిస్, కాల్షియం, ఫాస్ఫరస్

సెషన్లు ఎగ్గొట్టడం, గంట ముందే దిగిపోవడం ఈ సమయంలో అసలు కుదరదు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం నాలుగు గంటలు ఉండేలా చూడండి. డయాలసిస్ ఎంత బాగా జరుగుతోందో చెప్పే కేటీ బై వి 1.2 కన్నా తగ్గకూడదు, 1.4 లక్ష్యంగా పెట్టుకోవాలి. కొందరు డాక్టర్లు సెషన్లు పెంచుతారు. పొట్ట డయాలసిస్‌లో ఉన్నవాళ్లను హీమోడయాలసిస్‌కు మార్చడం గురించి కూడా ఆలోచిస్తారు.

పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరిగి ఉంటే సినాకాల్సెట్ ఇస్తారు. ఎవాల్వ్ అనే పెద్ద పరీక్షలో ఈ మందు వాడినవాళ్లలో కాల్సిఫైలాక్సిస్ తక్కువగా వచ్చింది. మందులకు లొంగకపోతే పారాథైరాయిడ్ గ్రంథులను ఆపరేషన్ చేసి తీస్తారు. ఆపరేషన్ తర్వాత కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ కాల్షియం ఎక్కించాల్సి రావచ్చు. అందుకే తొందరపడి చేయరు. హార్మోన్‌ను మరీ కిందికి తొక్కేయడం కూడా మంచిది కాదు.

9. పుండు సంరక్షణ

డ్రెస్సింగ్‌కు అరగంటో ముప్పావు గంటో ముందు నొప్పి మందు వేయాలి. అంటుకోని డ్రెస్సింగ్ వాడాలి. అంటుకుంటే సెలైన్‌తో నానబెట్టి తీయాలి, లాగకూడదు. పొడిగా, గట్టిగా, ఇన్ఫెక్షన్ లేకుండా ఉన్న నల్ల పక్కును ఇంట్లో పీకకండి. అది ప్రస్తుతానికి మూతలా పనిచేస్తుంది. కుళ్లిన కండ, చీము ఉన్నప్పుడు సర్జన్ తీయాల్సిందే. ఎంత తీయాలో, ఎప్పుడు తీయాలో అనుభవం ఉన్నవాళ్లే చెప్పగలరు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, ఇంటి పొడులు పోయకండి. కాలికి గట్టిగా కట్టు కట్టేముందు రక్తప్రసరణ చూడాలి. ఎంతకీ మానని పుండుకు హైపర్‌బేరిక్ ఆక్సిజన్ (ఎక్కువ పీడనం ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్పించడం) కొన్నిచోట్ల ప్రయత్నిస్తారు.

యాంటిబయాటిక్ ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉన్నప్పుడే వాడాలి. పుండు మీద దూదిపుల్లతో పైపైన తీసిన నమూనా (స్వాబ్)లో ఏదో ఒక బాక్టీరియా ఎప్పుడూ పెరుగుతుంది. అదే ఇన్ఫెక్షన్‌కు రుజువు కాదు.

తిండి తగ్గితే పుండు మానదు. "కిడ్నీ జబ్బు కదా" అని ప్రొటీన్ మానిపించేవాళ్లు ఉన్నారు. డయాలసిస్‌లో ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి, పుండు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ అవసరం పడవచ్చు. ఫాస్ఫరస్ తగ్గించాలంటే ముందు తీసేయాల్సింది ప్యాకెట్ తిండి, కోలా పానీయాలు. వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంట్లోకి చేరుతుంది. డైటీషియన్‌తో కూర్చుని లెక్క వేయించుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

- సెగగడ్డ అనుకుని కోయించడం. కోసిన చోట చీము రాదు, కొత్త గాయం మాత్రం మిగులుతుంది.
- సెల్యులైటిస్ అనుకుని యాంటిబయాటిక్ మీద యాంటిబయాటిక్ మార్చడం. మూడు నాలుగు రోజుల్లో మార్పు లేకపోతే, నొప్పి తీవ్రంగా ఉంటే, వేరే కారణం వెతకమని అడగాలి.
- ఎముకలు బలహీనమయ్యాయని ఎవరో చెబితే కాల్షియం, విటమిన్ డి మళ్లీ మొదలుపెట్టడం. ఒక డాక్టరు ఆపినది ఇంకో డాక్టరు తెలియక రాస్తారు. చీటీ పైన "కాల్సిఫైలాక్సిస్ ఉంది, కాల్షియం, విటమిన్ డి, వార్ఫరిన్ నెఫ్రాలజిస్టును అడగకుండా రాయవద్దు" అని పెద్దక్షరాలతో రాయించుకోండి.
- విటమిన్ కె మంచిదని విని సొంతంగా కొనడం. దీని మీద పరిశోధన జరుగుతోంది. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు అలా వేసుకుంటే ఆ మందు పనిచేయకుండా పోతుంది.
- నొప్పి కాస్త తగ్గగానే థయోసల్ఫేట్ మానేయడం, లేదా రెండు వారాల్లో పుండు మానలేదని విసిగి మానేయడం.

ఫలితం ఎలా చూసుకోవాలి

మొదట తగ్గాల్సింది నొప్పి. చికిత్స పనిచేస్తుంటే కొన్ని వారాల్లో మీ నోటుపుస్తకంలో అంకెలు దిగుతాయి, నిద్ర పడుతుంది. తర్వాత కొత్త మచ్చలు రావడం ఆగుతుంది. ఆ తర్వాత గట్టిదనం మెత్తబడుతుంది. పుండు మూసుకోవడం అన్నిటికన్నా చివర, దానికి నెలలు పడుతుంది. వారానికోసారి పుండు పొడవు, వెడల్పు కొలిచి రాయండి. నల్ల పక్కు ఊడినప్పుడు పుండు ఒక్కసారిగా పెద్దదైనట్టు కనిపిస్తుంది. అడుగున ఎర్రటి కొత్త కండ కనపడితే అది చెడ్డ గుర్తు కాదు.

నాలుగు నుంచి ఎనిమిది వారాలైనా నొప్పి తగ్గక, కొత్త మచ్చలు వస్తూ ఉంటే అదే పద్ధతిలో కొనసాగించకండి. మందుల జాబితా మళ్లీ తిరగేయమని, నిర్ధారణను మళ్లీ చూడమని, ఈ జబ్బును ఎక్కువగా చూసిన పెద్ద ఆసుపత్రికి పంపమని అడగండి. పుండ్లు ఒళ్లంతా పాకి, మనిషి బాగా నీరసించినప్పుడు చికిత్స ఎంతవరకు కొనసాగించాలో రోగిని కూర్చోబెట్టుకుని, చెప్పింది అర్థం చేసుకుని తన మాట చెప్పగల స్థితిలో ఉండగానే మాట్లాడండి. ఏ నిర్ణయం తీసుకున్నా నొప్పి మందు మాత్రం ఆపకూడదు.

పుండు పూర్తిగా మానాక కూడా వారానికోసారి ఒళ్లు చూడడం మానకండి. పాత మచ్చ పక్కన కొత్తగా నొప్పి మొదలైతే రెండో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.